బెజ్జాల్లో ఉన్న పిల్ల

నాకు ఓపిక తక్కువ. ఈ మాట నేనే ముందుగా చెప్పేస్తే మా గల్లీవాళ్లకు ఆ శ్రమ తప్పుతుంది. గ్యాసు బండ తెచ్చేవాడితో గొడవ, కరెంటు రీడింగ్ తీసేవాడితో గొడవ, బ్లౌజు గుడ్డ చేతిలో పెట్టి "రేపే కావాలె" అనే పెళ్లివాళ్లతోనైతే రోజూ గొడవే. మగ్గం ముందు కూర్చుంటే మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలను. ఆ కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా పెద్దమ్మ తిట్టి, మొట్టి, వేళ్ల మీద స్కేలుతో కొట్టి నేర్పింది.

ఆమె పోయి ఏడాది దాటింది. మధ్యాహ్నం పూట కొట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు సూది కాగితంలో దిగే చప్పుడు వినిపిస్తోంది. టిక్, టిక్, టిక్. ఫ్యాను చప్పుడే అంటాడు మా ఆయన. ఫ్యాను ఆపి కూడా విన్నాను, అయినా వినిపించింది. ఇంకెవరికి చెప్పినా షుగరో బీపీయో చూపించుకోమంటారు. అందుకని రాస్తున్నాను.

మా పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. అక్కచెల్లెళ్లిద్దరినీ ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ఇచ్చారు. ఫలక్‌నుమా దగ్గర మాది పాల వ్యాపారం. ఇంటి వెనక బర్రెల కొట్టం, ఇంటి ముందు పాల క్యాన్లు, మధ్యలో పదిమంది మనుషులు, అందరి బట్టలకూ పేడ వాసన. అలాంటి ఇంటికి కుంచెలూ రంగు డబ్బాలూ సంచిలో పెట్టుకుని కాపురానికొచ్చింది పెద్దమ్మ. మా తాత ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మగపిల్లలు లేరు గనక పెద్దకూతుర్నే వెంటేసుకుని తిరిగాడు. ఆయన అక్షరాలు రాస్తే పెద్దమ్మ బొమ్మలు వేసేది. ఎండుమిర్చి దుకాణం మీద మిరపకాయలు వేస్తే దారినపోయేవాళ్లకు తుమ్ములు రావాలి, అదీ మా తాత పెట్టిన లెక్క.

పెళ్లయ్యాక ఆ ఆటలు సాగలేదు. "కోడలు నిచ్చెనెక్కి రోడ్డు మీద బొమ్మలేస్తే మన పాలు ఎవరు కొంటరు?" అంది మా నాయనమ్మ. నిజానికి పెద్దమ్మ వేసిన బర్రె బొమ్మ చూసే జనం మా పాలు కొన్నారు. కొట్టం గోడ మీద ఆవిడ నల్లబర్రెను వేస్తే, కొత్తగా కొన్న దున్నపోతు వెళ్లి ఆ గోడను కుమ్మింది. ఈ కథ మా పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, చచ్చేదాకా చెప్పుకుని మురిసిపోయాడు. ఇంట్లో కూర్చుని వెయ్యగలిగినవన్నీ వేసింది పెద్దమ్మ. బోనాలకు ఘటాల మీద అమ్మవారి ముఖాలు వేసింది, పెళ్లి పెట్టెల మీద గులాబీలు వేసింది. చార్మినార్ దగ్గర ఒక ఫొటో స్టూడియోకి వెనక వేలాడే పరదాలు వేసింది: మంచుకొండలు, చెరువు, చెరువులో హంసలు. ఆవిడ జన్మలో మంచు చూడలేదు, హంసను చూడలేదు. ఎవరు అడిగారు? ఆ పరదా ముందు నిలబడి ఎవరెవరి పిల్లలో ఫొటోలు దిగారు.

గుడ్డ పనిలోకి ఆవిడను లాగింది మా ఎదురింటి ఉస్తాద్. ఆయనకు మగ్గం కార్ఖానా ఉండేది. నలుగురు పనివాళ్లు, చెక్క చట్రానికి బిగించిన గుడ్డ, దాని మీద జరీ, పూసలు, చమ్కీలు. ఘటం మీద పెద్దమ్మ వేసిన తీగ చూసి, "అరె బేటీ, ఈ తీగ కుండ మీద ఎందుకు? నా గుడ్డ మీదికి తే" అన్నాడట. అలా ఆయనకు ఖాకాలు తియ్యడం మొదలుపెట్టింది.

ఖాకా అంటే చెప్పాలి. పల్చటి నూనె కాగితం మీద డిజైను గీస్తారు. ఆ గీతల వెంబడి సన్నని సూదితో వరసగా గుచ్చుతూ పోతారు. గీతంతా బెజ్జాలవుతుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, పైన కిరోసిన్‌లో కలిపిన రంగుపొడిని గుడ్డముక్కతో రుద్దితే బెజ్జాల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కల చుక్కల డిజైను పడుతుంది. కాగితం తీసేసి ఆ చుక్కల మీద కుట్టుకుంటూ పోవాలి. కుట్టు పూర్తయ్యాక చుక్కలు కనపడవు. ఖాకా గీసినవాళ్లూ కనపడరు. పెద్దమ్మ తీగలు ఎంతమంది పెళ్లికూతుళ్ల నెత్తిన ఎక్కాయో లెక్కలేదు, అన్నీ ఉస్తాద్ డిజైన్లుగానే చలామణీ అయ్యాయి. నీ పేరు ఎక్కడో ఒకచోట వెయ్యొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "గుడ్డ మీద పేరు రాస్తే ఉతుకుల పోదానే?" అని నవ్వింది.

ఇక ఆ పిల్ల సంగతి.

పెద్దమ్మకు ఒక్కతే కూతురు. ఆరేళ్లప్పుడు రెండు రోజుల జ్వరంతో పోయింది. నేను ఆ మరుసటి ఏడు పుట్టాను. చిన్నపిల్ల కాబట్టి కాల్చలేదు, పూడ్చారు. ఆ పిల్లది ఒకే ఒక్క ఫొటో ఉండేది, పెద్దమ్మ వేసిన హంసల పరదా ముందే తీసింది. పెద్దబాపు ఆ ఫొటోను కూడా పిల్ల పక్కనే పెట్టి మట్టి కప్పేశాడు. ఎదురుగా ఉంటే పెళ్లాం ఏడుపు ఆగదని అలా చేశాడట. చెడ్డవాడు కాదు పాపం, ఆయనకు అంతే తోచింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పిల్ల పేరు ఎత్తకూడదన్నారు. ఆ పిల్ల గౌన్లు మాత్రం నాకు తొడిగారు. పెద్దమ్మ నన్ను పిలవబోయి ఒక్కోసారి ఆ పేరే పిలిచేది, మధ్యలో నాలిక కరుచుకునేది. నేను "ఆ" అని పలికేదాన్ని.

నేను ఆ పిల్లను మొదటిసారి చూసింది ఎనిమిదో తొమ్మిదో ఏట. వానాకాలం మధ్యాహ్నం. మగవాళ్లు పడుకున్నారు. పెద్దమ్మ గది తలుపు ఓరగా ఉంటే దూరాను. ఆవిడ నేల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద ఖాకా పెట్టి, పొడి సుద్దను చిన్న గుడ్డమూటతో అద్దుతోంది. కిరోసిన్ లేదు, ఉత్త పొడి. తర్వాత కాగితం నెమ్మదిగా ఎత్తింది. కింద నల్లగుడ్డ మీద ఒక పిల్ల ముఖం. రెండు జడలు, జడలకు రిబ్బన్లు, గుండ్రటి నుదురు, రెండు కళ్లు. తెల్లటి చుక్కలతో నన్నే చూస్తోంది.

"ఎవరు పెద్దమ్మా?" అన్నాను.

"మీ అక్క."

"ఎక్కడుంటది?"

"గీడ్నే" అంది పెద్దమ్మ, గుడ్డ వైపు గడ్డంతో చూపిస్తూ.

కాసేపు అలాగే చూసి, గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని కిటికీ దగ్గర ఒక్క దులుపు దులిపింది. ముఖం పోయింది. తెల్లటి పొడి గాలికి వెనక్కి వచ్చి నా ముక్కులోకి పోయింది, గట్టిగా తుమ్మాను. "తుమ్ముతవేందే దాన్ని!" అని నా వీపు మీద ఒక్కటి వేసి, వెంటనే నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. నాకేమీ అర్థం కాలేదు గానీ ఒకటి మాత్రం ఖాయమైపోయింది: అక్క నా ముక్కులోంచి లోపలికి పోయింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తింటే ఆమె మీద పడుతుందని భయం. మా అమ్మ దిష్టి తీసి పారేసింది.

తర్వాత తెలిసింది. పిల్ల పోయిన నలభై రోజుల్లోపే పెద్దమ్మ ఆ బొమ్మ గీసి, సూదితో గుచ్చి దాచుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు గీసినా ఆ ముఖం మళ్లీ రాలేదట. రంగులతో ప్రయత్నించింది, పెన్సిల్‌తో ప్రయత్నించింది. "ఎవరి పిల్లనో వస్తున్నది గని నా పిల్ల వస్తలేదు" అనేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి గీసింది కూడా. గంటల తరబడి కదలకుండా కూర్చునేదాన్ని. ఆవిడ నన్ను చూసేది, కాదు, నన్ను దాటి వెనకెక్కడో చూసేది. తిరిగి చూస్తే గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. చివరకు కాగితం చింపేసి "పో, ఆడుకో పో" అనేది. కాబట్టి లోకం మొత్తం మీద ఆ పిల్ల మిగిలింది ఆ ఒక్క ఖాకాలోనే. ఏటా వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ సుద్ద అద్ది చూసుకునేది, దులిపేసేది.

పదిహేనేళ్లు రాగానే నన్ను పనిలో కూర్చోబెట్టింది. ఖాకా తియ్యడంలో ఆవిడ పట్టుదల చూడాలి. కాగితాన్ని సూదితో గుచ్చితే వెనకవైపు చిన్న చిన్న ముళ్లు లేస్తాయి. వాటిని అలా వదిలేస్తే రంగు ముద్దగా దిగి డిజైను అలుక్కుపోతుంది. అందుకని గుచ్చడం అయిపోయాక కాగితం తిరగేసి, ఉప్పు కాగితంతో మెత్తగా రుద్ది ఆ గరుకంతా తియ్యాలి. నేను బద్ధకించి వదిలేస్తే వీపు విమానం మోత మోగేది. "వెనక చెయ్యి పెడితే కాగితం గాజు లెక్క ఉండాలె. లేకపోతే నా దగ్గర పని నేర్చిన అని ఎవ్వరికి చెప్పకు!" ఈ మాట ఎన్ని వందలసార్లు విన్నానో. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికొచ్చే ఆడపిల్లలకు నేనూ అదే చెబుతాను, అదే గొంతుతో.

పెద్దబాపు పోయాక పెద్దమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. మాది రెండు వీధుల అవతల, ముందు గదిలో మగ్గం కొట్టు, వెనక ఇల్లు. షుగర్ ముందు ఆవిడ కాలి వేలు తీసుకుంది, తర్వాత చూపు తీసుకుంది. మొదట మసక, తర్వాత వెలుతురూ నీడా, తర్వాత అదీ లేదు. అయినా కొట్లో కుర్చీ వేయించుకుని కూర్చునేది. సూది చప్పుడు విని "కుట్టు వదులైతున్నది, బిగించి గుంజు" అని చెప్పేది. ఎప్పుడూ తప్పు చెప్పింది లేదు, అందుకే నాకు ఇంకా మండుకొచ్చేది.

మధ్యాహ్నం నేను తినడానికి లోపలికెళ్తే ఆవిడ మంచం మీద ఆ పాత ఖాకాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చేతులు కాగితం కిందికి పెట్టి, ముఖం కిటికీ వైపు. కళ్లు లేని మనిషి కాగితంతో ఏం చేస్తుంది? ముసలితనం, దగ్గర పెట్టుకుంటే అదో తృప్తి అనుకున్నాను. దగ్గరికెళ్లి చూడలేదు. చూసి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

ఒకరోజు నన్ను పిలిచి, "బిడ్డా, గిది మడత కాడ చినుగుతున్నదే. కొత్తది తియ్యి" అంది.

"ఎందుకు పెద్దమ్మా? నీకు కనపడదు గద?" అన్నాను. నా నోటికి వాత పెట్టాలి.

ఆవిడ కాగితం కొసలు సరిచేసుకుంది. తర్వాత, "నీకెందుకే గవన్ని? ఎట్లున్నదో అట్ల తియ్యి. ఎక్కువ తెలివి వాడకు" అంది.

నేను కూడా పౌరుషంగా ఆ కాగితం తీసుకొచ్చాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. కింద దూది రజాయి మడత, దాని మీద కొత్త కాగితం, దాని మీద పాత ఖాకా. పాత బెజ్జాల్లోనే సూది దింపుతూ పోవాలి. పాతది అప్పడంలా ఉంది. వెనకవైపు చెయ్యి పెడితే బెండకాయ నూగులా గరగరలాడింది. నాకు నవ్వొచ్చింది. నన్ను చంపుకుతిన్న మనిషి తన ఖాకాకు మాత్రం ఉప్పు కాగితం పట్టలేదన్నమాట! ఏడుస్తూ గుచ్చి ఉంటుంది, మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. నేను సరిగ్గా చేసి ఇస్తానులే అనుకున్నాను.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. సూది దిగినకొద్దీ పాత కాగితం పెళుసుగా విరిగింది. ముందు నుదురు, తర్వాత ఎడమ కన్ను, ముక్కు, పెదవులు. సగానికి వచ్చేసరికి పాత ముఖం నా చేతి కింద పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది, కొత్త ముఖం దాని కింద లేస్తోంది. ఎవరో నా వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరిగితే సగం కుట్టిన బ్లౌజులు హ్యాంగర్లకు ఊగుతున్నాయి.

కుడి కన్ను దగ్గరికొచ్చి ఆగిపోయాను. మడత సరిగ్గా అక్కడే ఉంది. బెజ్జాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి గోరంత చిరుగైంది. కన్ను లేదు. లోపలికెళ్లి ఆవిడను అడగాలి. పది అడుగుల దూరం. అడగలేదు. "ఎక్కువ తెలివి వాడకు" అన్న మాట ఇంకా మండుతోంది. విడి కాగితం మీద ఎడమ కన్నునే తిప్పి దింపి చూశాను, మెల్లకన్నులా వచ్చింది. ట్రయల్ చూసుకోవడానికి కొట్లో గోడకు పెట్టిన పెద్ద అద్దం ఉంది. అందులోకి చూశాను. అక్క కదా, నేను మా అమ్మ కూతుర్ని, ఆమె వాళ్లక్క కూతురు, నాన్నలు కూడా అన్నదమ్ములే, నెత్తురంతా ఒకటే కదా అనుకున్నాను. నా కుడి కన్ను చూస్తూ గీశాను, గుచ్చాను.

నల్లగుడ్డ మీద సుద్ద అద్ది కాగితం ఎత్తాను. చిన్నప్పుడు చూసిన పిల్లే. ఎడమవైపు నుంచి ఆ పిల్ల చూస్తోంది, కుడివైపు నుంచి నేను చూస్తున్నాను. ఆరేళ్ల ముఖంలో నలభై ఏళ్లు దాటిన కన్ను. గబగబా దులిపేశాను. మళ్లీ అద్దలేదు. బాగానే ఉందిలే, ఆవిడకు ఎలాగూ కనపడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కాగితం తిరగేసి ఉప్పు కాగితం పట్టాను, మూడుసార్లు, అరచేత్తో తడిమి చూసుకుంటూ. గాజులా వచ్చింది. పాత ఖాకా ముక్కలు దారాల చెత్తతో పాటు ఊడ్చి బుట్టలో పోశాను. పొద్దున్నే మున్సిపాలిటీ బండి వచ్చింది, ఎత్తుకెళ్లింది.

ఆ పొద్దునే టీతో పాటు కొత్త కాగితం పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ టీ పక్కకు జరిపింది. కాగితాన్ని ఒళ్లో పరుచుకుంది, తిరగేసింది. రెండు చేతుల వేళ్లూ వెనకవైపు ఆనించి, పై నుంచి కిందికి మెల్లగా జరిపింది. ఇంకోసారి జరిపింది. తర్వాత గబగబా, అడ్డంగా, నిలువుగా, నేల మీద పడ్డ సూదిని వెతుకుతున్నట్టు.

"ఏదే?" అంది.

"ఏంది పెద్దమ్మా?"

"పిల్లేది? ఉత్త కాగితమిచ్చినవేందే?"

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నీ చేతిలనే ఉన్నది, మంచిగ చూడు" అని ఆవిడ వేలు పట్టుకుని నుదుటి గీత మీద పెట్టాను. వేలు జారిపోయింది. అప్పుడు అర్థమైంది. ఆ మధ్యాహ్నాలన్నీ ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఆ ముళ్ల మీద వేళ్లు పెట్టి కూతురి ముఖం చూసుకుంటోంది. అప్పుడు ఎందుకు వదిలేసిందో గానీ, ఆ గరుకే ఇప్పుడు ఆవిడకు కళ్లైంది. నేను పని నేర్చినదాన్ని కదా, పిల్లను శుభ్రంగా రుద్ది తీసేశాను.

"పాతది ఇయ్యి" అంది పెద్దమ్మ.

నేను వీధి తలుపు వైపు చూశాను.

"పాతదేదే? ఇయ్యి బిడ్డా."

"చెత్తబండిల పోయింది పెద్దమ్మా" అన్నాను.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మూల మలుపు దగ్గర, తర్వాత మెయిన్ రోడ్డు మీద, తర్వాత చెత్త కుమ్మరించే చోట. బండి ఎప్పుడో ఖాళీ అయింది. అక్కడ పనిచేసే ఆవిడ జాలిపడి, "ఏం పోయిందమ్మా, బంగారమా?" అంది. కాగితం అన్నాను. "రిజిస్ట్రీ కాగితమా?" అంది. కాదన్నాను. ఆ కుప్పలో చేతులు పెట్టి కాసేపు వెతికాను. పాత ఖాకా ముక్కలు దొరికినా వాటితో ఏం చెయ్యాలి, అవి అప్పటికే పొట్టు. అయినా వెతికాను. చేతులు కంపు కొడుతుంటే ఇంటికొచ్చాను.

ఇంకో దారి ఉంది. నేను తీసిన కొత్త ఖాకా మీదుగా మరొకటి గుచ్చొచ్చు, దానికి ఉప్పు కాగితం పట్టకుండా ఉంటే సరి. ఆ రోజు కొట్టు తియ్యలేదు. పొద్దుగూకేలోపు పూర్తి చేశాను. వెనకవైపు చెయ్యి పెడితే గరగరలాడింది, ప్రాణం లేచొచ్చింది. తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టి కింద కూర్చున్నాను.

ఆవిడ వేళ్లు నుదుటి మీద ఆగాయి. "ఆ" అంది. జడల మీదికి వచ్చాయి. "రిబ్బన్లు. నేనే కట్టిన" అంది. ఎడమ కన్ను చుట్టూ తిరిగాయి, ముక్కు దిగాయి, పెదవులు తాకాయి. ఆవిడ ముఖం మెత్తబడటం చూస్తున్నాను. దేవుడా, గట్టెక్కించు అనుకుంటున్నాను. కుడి కన్ను దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఒకసారి చుట్టూ తిరిగి, మళ్లీ తిరిగి, ఆగాయి.

"గీ కన్నెవరిదే?" అంది.

ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. "నాదే పెద్దమ్మా. ఆడ చినిగి ఉండె. అద్దంల చూసి గీసిన. నిన్ను అడగకపోతి. తప్పైంది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ నా నెత్తి మీద చెయ్యి వేసింది. "నీ తప్పేం లేదు. నీకు పని మంచిగ నేర్పిన. గదే నా తప్పు."

"నువ్వు చెప్పు పెద్దమ్మా, నేను మళ్లా గుచ్చుత. అక్క కన్ను ఎట్లుండె? పెద్దగనా? రెప్ప కిందికుండెనా?"

ఆవిడ నా అరచెయ్యి తెరిచింది. చూపుడువేలితో ఒక వంపు గీసింది, ఆగింది. చెరిపేస్తున్నట్టు తుడిచింది. మళ్లీ గీసింది. పెదవులు కదులుతున్నాయి. జన్మంతా ఒక్క గీత కూడా తడబడకుండా గీసిన మనిషి నా అరచేతిలో నాలుగైదుసార్లు గీసి తుడిచింది. తర్వాత నా చెయ్యి మూసేసింది.

"వస్తలేదే" అంది. "నిన్నటిదాక ఉండె. ఇప్పుడు తలుసుకుంటె నీ కన్నే వస్తున్నది."

నేను పెద్దగా ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. పొద్దుటి టీ తాగనే లేదు, కొత్తగా పెట్టి తెమ్మంది.

ఆ తర్వాత నాలుగు నెలలు బతికింది. ఆ కాగితాన్ని దిండు పక్కన పెడితే పక్కకు జరిపేసింది, మళ్లీ అడగలేదు. కొట్లోకి రావడం మానేసింది. నా కుట్టు వదులవుతోందో బిగుస్తోందో చెప్పేవాళ్లు లేకుండా పోయారు. నేను ఏమడిగినా సౌమ్యంగా జవాబిచ్చేది, ఆ సౌమ్యం నేను భరించలేకపోయాను.

చివరి వారాల్లో మాత్రం మధ్యాహ్నం పూట "ఇటు రా" అని పిలిచేది. మంచం పక్కన కూర్చుంటే అరచెయ్యి నా ముఖం మీద పెట్టేది. నుదురూ ముక్కూ వదిలేసి నేరుగా కుడి కన్ను మీదికి వచ్చేది. బొటనవేలు రెప్ప మీద ఆనించి అలాగే ఉంచేది, అరగంట, ముప్పావుగంట. ఒక్కోసారి నవ్వుకునేది. ఒక్కోసారి పెదవులు ఏదో పేరు కట్టేవి, వినపడేది కాదు. ముందు గదిలో పెళ్లివాళ్లు తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయేవాళ్లు. నాకు మెడ లాగేసేది, కాళ్లు తిమ్మిరెక్కేవి. నేను ఎవరి మీదా అరవలేదు. రెప్ప కింద గుడ్డు కదిలితే ఆ పిల్ల పోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.